పాత వైఫై డ్రైవర్లకు లస్కరు ఎవరు?

గోదావరి డెల్టాలో ఏటా వేసవి వచ్చిందంటే కాలువలు కట్టేస్తారు. దాళ్వా పంట చేతికి వచ్చే వేళకు ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఆపుతారు. అప్పుడు మండపేట కాలువ అడుగున ఏముందో లోకానికంతటికీ కనబడుతుంది. బురద, పగిలిన సీసాలు, గుర్రపుడెక్క వేళ్లు, ఎవరో పారేసిన చెప్పులు! జూన్‌లో మళ్లీ నీళ్లు వదిలేలోగా పూడిక తీయాలి, గట్లు సరిచెయ్యాలి, తూముల తలుపులకు గ్రీజు పెట్టాలి. కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది 1852లో. దాని స్థానంలో ఇప్పుడున్న 175 గేట్ల బ్యారేజీ 1982లో పూర్తయింది. ఇన్నేళ్లుగా సుమారు 10 లక్షల ఎకరాలకు నీళ్లు అందుతున్నాయంటే మొదట కట్టినవాళ్ల గొప్పదనం ఒక్కటే చాలలేదు. ఏటేటా పూడిక తీసినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు.

ఈ కాలువల మీద లస్కరు అనే ఒక ఉద్యోగి ఉంటాడు. లాకుల దగ్గర, తూముల దగ్గర తలుపులు ఎత్తి దించేది అతడే. ఏ తూము బిగుసుకుపోతుందో, ఎక్కడ గట్టు మెత్తబడిందో, ఏ బోదెకు నీరు అందడం లేదో అతడికి తెలిసినంతగా పెద్ద ఇంజనీరుకు కూడా తెలియదు. లస్కరు లేని తూము ఒకటి రెండేళ్లు బాగానే పనిచేస్తుంది. ఆ తర్వాత ఒకనాడు తలుపు లేవనంటుంది.

కంప్యూటరు గురించి చెబుతానని కాలువల గురించి చెబుతున్నాడేమిటి అనుకుంటున్నారా? కారణం ఉంది. కంప్యూటరు ప్రోగ్రాము తుప్పు పట్టదు, చెద పట్టదు, కాబట్టి ఒకసారి రాస్తే ఎప్పటికీ అలాగే పనిచేస్తుందని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. ప్రోగ్రాముకూ పూడిక పేరుతుంది. దానికీ ఒక లస్కరు కావాలి. ముఖ్యంగా లినక్సులో పాత వైఫై కార్డులను నడిపించే డ్రైవర్లకు ఇప్పుడు లస్కర్ల కొరత వచ్చింది. ఈ సంగతి ఎక్కడో అమెరికాలోనో, జర్మనీలోనో ఉన్న నిపుణులకు సంబంధించింది మాత్రమే కాదు, మీ బడిలో మూల పెట్టిన కంప్యూటరుకు కూడా సంబంధించింది అని నా అభిప్రాయం.

ముందు డ్రైవరు అంటే ఏమిటో చూద్దాం.

లాప్‌టాపులో ఉన్న వైఫై కార్డు ఒక చిన్న రేడియో. సాధారణంగా అది పంపే తరంగాలు సెకనుకు 240 కోట్ల సార్లు ఊగుతాయి. ఒక్కొక్క తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, అంటే జానెడులో సగం. (వంటింట్లో మైక్రోవేవ్ పొయ్యి వాడేవి కూడా దాదాపు ఇవే తరంగాలు. అందుకే అది తిరుగుతున్నప్పుడు ఒక్కోసారి వైఫై మందగిస్తుంది.) ఈ రేడియోలో వందలకొద్దీ చిన్న చిన్న గళ్లు ఉంటాయి. ఒక గడిలో ఒక అంకె వేస్తే అది ఒక చానెలుకు మారుతుంది. మరొక గడిలో మరొక అంకె వేస్తే బలం పెంచి పంపుతుంది. ఏ గడిలో ఏ అంకె వెయ్యాలన్నది కార్డు తయారుచేసినవాడి ఇష్టం. ఒక కంపెనీ పద్ధతి ఇంకొక కంపెనీకి ఉండదు. ఒకే కంపెనీ నిరుడు చేసిన కార్డుకూ ఈ ఏడు చేసిన కార్డుకూ కూడా పొంతన ఉండకపోవచ్చు!

లినక్సు నడిబొడ్డున ఉండే ప్రోగ్రామును కెర్నెలు అంటారు. ఇంగ్లీషులో ఆ మాటకు గింజలోని పప్పు అని అర్థం. ఈ కెర్నెలుకు ఇన్ని రకాల కార్డుల భాషలు రావు. అందుకని ఒక్కొక్క రకం కార్డుకు ఒక్కొక్క దుబాసీని పెట్టుకుంటుంది. కుంపిణీ రోజుల్లో దొరకూ రైతుకూ మధ్య నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పినవాడు దుబాసీ. ఆ పని చేసే ప్రోగ్రామే డ్రైవరు. దుబాసీ లేకపోతే దొరా ఉంటాడు, రైతూ ఉంటాడు, మాట మాత్రం జరగదు. డ్రైవరు లేని వైఫై కార్డూ అంతే. లోపల నిక్షేపంగా ఉంటుంది, కాని కంప్యూటరుకు అది ఉన్నట్టే తెలియదు.

ఇప్పుడు మండపేటలో ఒక ఇంటికి వెళదాం. ఇది నేను కల్పించిన ఇల్లే గాని, ఇలాంటివి డెల్టాలో ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. అన్నయ్య హైదరాబాదులో ఉద్యోగంలో చేరి కొత్త లాప్‌టాపు కొనుక్కున్నాడు, పాతది చెల్లికి ఇచ్చాడు. దాని వయసు పన్నెండేళ్లు. అందులో విండోస్ 10 ఉంది. ఆ విండోస్‌కు మామూలు మరమ్మతులు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే అది కోరే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఈ యంత్రంలో లేదు. ఎవరో చెప్పగా లినక్సు వేసింది. తెర వెలిగింది, తెలుగు అక్షరాలు వచ్చాయి, పాట వినిపించింది. అంతా బాగుంది. వైఫై మాత్రం లేదు. దుకాణానికి పట్టుకెళ్లింది.

“ఏవండీ, దీనికి వైఫై రావట్లేదండి.”

“ఆయ్, ఇది బాగా పాతదమ్మా. దీనికింక రాదు. కొత్తది తీసేసుకోండి.”

“కార్డు పాడైపోయిందాండి?”

“పాడవలేదమ్మా, పాతదైపోయింది. అంతే.”

ఈ ‘అంతే’ దగ్గర మనం ఆగాలి. పాడైపోవడం వేరు, పాతదైపోవడం వేరు. రాగి తీగ తెగితే అది పాడవడం. దాన్ని ఎవరూ కాదనలేరు. కాని పాతదైపోవడం అనేది కార్డులో జరిగే మార్పు కాదు. కార్డు నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. మారింది దాని చుట్టూ ఉన్న ప్రపంచం. దుబాసీని ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

అసలు ఈ దుబాసీలు ఎలా పుట్టారో తెలిస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. 2000 తర్వాత వచ్చిన లాప్‌టాపుల్లో బ్రాడ్‌కామ్ అనే కంపెనీ వైఫై కార్డులు చాలా ఎక్కువ. ఆ కంపెనీ విండోస్‌కు డ్రైవరు ఇచ్చింది. లినక్సుకు పనికివచ్చే డ్రైవరు ఇవ్వలేదు, ఏ గడిలో ఏ అంకె వెయ్యాలో చెప్పే వివరాలూ ఇవ్వలేదు. అప్పుడు కొందరు ఔత్సాహికులు ఏం చేశారు? రెండు జట్లుగా విడిపోయారు. ఒక జట్టు కంపెనీవాళ్ల డ్రైవరును పరిశీలించి, అది ఏ గడిలో ఏ అంకె వేస్తోందో, ఎప్పుడు వేస్తోందో కనిపెట్టి, మామూలు భాషలో వివరంగా రాసిపెట్టింది. రెండో జట్టు కంపెనీ డ్రైవరు వైపు కన్నెత్తి కూడా చూడకుండా, మొదటి జట్టు రాసిన వివరాలు మాత్రమే చదివి, సొంతంగా కొత్త డ్రైవరు రాసింది. ఎందుకింత తతంగం అంటే, ఒకరి రాత కాపీ కొట్టారన్న నింద రాకుండా ఉండడానికి. పరీక్ష హాలులో పక్కవాడి కాగితం చూడకుండా, పాఠం మాత్రం విని రాయడం వంటిది ఇది. అలా పుట్టిన డ్రైవరు 2006 జూన్‌లో వచ్చిన 2.6.17 అనే కెర్నెలులో చేరింది. దాని వారసుడి పేరు బి43. బ్రాడ్‌కామ్ తానే దిగివచ్చి కొత్తరకం కార్డులకు బహిరంగ డ్రైవరు ఇచ్చింది 2010 సెప్టెంబరులో. అప్పటికే అమ్ముడై ఇళ్లలో ఉన్న పాత కార్డులకు మాత్రం ఆ ఔత్సాహికుల డ్రైవరే దిక్కు.

ఇంత కష్టపడి రాసిన ప్రోగ్రాము ఎలా పాతబడుతుంది?

మన వైపు ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. మిల్లులో కాటా, కూలీ లెక్క, లారీ లెక్క అన్నీ దాని మీదే నడుస్తాయి. రేపటి నుంచి బస్తా 40 కిలోలే అని మిల్లులన్నీ నిర్ణయించుకున్నాయనుకోండి. కూలీ బలం తగ్గలేదు, లారీ ఇంజను చెడలేదు. అయినా అందరి లెక్కలూ తిరగరాసుకోవాలి. రాసుకోనివాడు పాత లెక్క పట్టుకుని వస్తే గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. కెర్నెలులో ఇలాంటి మార్పులు తరచుగా జరుగుతూ ఉంటాయి. ప్రతి తొమ్మిది, పది వారాలకు ఒక కొత్త కెర్నెలు వస్తుంది. కెర్నెలుకూ డ్రైవరుకూ మధ్య ఉండే ఒప్పందాన్ని స్థిరంగా ఉంచుతామని లినక్సువాళ్లు ఎప్పుడూ మాట ఇవ్వలేదు. మంచి పద్ధతి దొరికితే మారుస్తామనే చెబుతారు. దానికి బదులుగా ఒక నియమం పెట్టుకున్నారు. ఆ మార్పు చేసినవాడే కెర్నెలులో ఉన్న డ్రైవర్లన్నిటినీ దానికి తగినట్టు సరిచెయ్యాలి.

ఈ నియమం చాలా గొప్పది. పాత డ్రైవర్లు ఇన్నాళ్లు బతికాయంటే దాని చలవే. కాని ఇందులో ఒక చిక్కు ఉంది. ఎక్కడో కూర్చుని డ్రైవరును సరిచేసినవాడి దగ్గర ఆ కార్డు ఉండదు. సరిచేశాడు, తప్పులు లేవని కంప్యూటరు చెప్పింది, పంపేశాడు. అది నిజంగా పనిచేస్తోందో లేదో ఎవరు చూస్తారు? ఆ కార్డు ఉన్నవాడు చూడాలి. వాడు చూడకపోతే, ఒక తప్పు దొర్లినా నాలుగేళ్లపాటు ఎవరికీ తెలియదు.

కెర్నెలుతో పాటు ఒక పెద్ద జాబితా వస్తుంది. ఏ భాగాన్ని ఎవరు చూసుకుంటున్నారో అందులో రాసి ఉంటుంది. కొన్నిటి పక్కన ‘పోషిస్తున్నారు’ అని, కొన్నిటి పక్కన ‘అప్పుడప్పుడు మరమ్మతు’ అని అర్థమిచ్చే మాటలు ఉంటాయి. కొన్నిటి పక్కన ‘అనాథ’ అనే మాట ఉంటుంది. అవును, ఇంగ్లీషులో సరిగ్గా ఆ మాటే వాడతారు. లస్కరు లేని తూములు అవే.

2023 అక్టోబరులో ఆర్న్‌డ్ బెర్గ్‌మన్ అనే కెర్నెలు నిపుణుడు బాగా పాతబడిన వైఫై డ్రైవర్లను తీసేద్దామని ప్రతిపాదించాడు. చర్చ జరిగింది. ఆ తర్వాత వచ్చిన కెర్నెలుల్లో ఎయిరో, ఆట్మెల్, హోస్ట్ ఏపీ, ఓరినోకో మొదలైనవి కనబడకుండా పోయాయి. (ఓరినోకో దక్షిణ అమెరికాలో ఒక మహానది. ఒక కంపెనీ తన వైఫై కార్డులకు ఆ పేరు పెట్టుకుంది.) అయ్యో పాపం అనిపిస్తుంది కదూ? నాకు మాత్రం అనిపించలేదు. అవి 1999 ప్రాంతపు పద్ధతి కార్డులు. ఎంత మొత్తుకున్నా సెకనుకు 11 మెగాబిట్లు దాటవు. చాలా వాటికి తెలిసిన తాళం వెప్ అనే పాత తాళం ఒక్కటే. ఆ తాళాన్ని ఎలా విప్పాలో 2001లోనే శాస్త్రజ్ఞులు లోకానికి చూపించేశారు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది 2005లో. కాబట్టి ఆ కార్డులు మన ఊళ్లకు వచ్చే అవకాశమే తక్కువ. పైగా ఆ డ్రైవర్లు కెర్నెలుతో మాట్లాడే పద్ధతి కూడా పాతదే. వాటి కోసం కొత్త డ్రైవర్లు రాసేవాళ్లందరూ పాత బరువు మొయ్యవలసి వచ్చేది. ఎవరికీ నీళ్లివ్వని కాలువలో గుర్రపుడెక్క పెరిగితే అది పక్క కాలువకు కూడా పాకుతుంది. అలాంటి కాలువను పూడ్చెయ్యడమే మేలు.

లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్సు మొదలుపెట్టింది 386 అనే ప్రాసెసరు ఉన్న కంప్యూటరు మీద. ఆ 386నే 2012 డిసెంబరులో లినక్సు వదిలేసింది! పుట్టినింటినే వదిలినవాళ్లు ఓరినోకో కోసం ఏడుస్తారా?

మరి నా గొడవేమిటి? తీసెయ్యడం మీద నాకు పేచీ లేదు. తీసెయ్యాలో వద్దో నిర్ణయించేటప్పుడు ఎవరి మాట వినిపిస్తోంది అన్నదే నా గొడవ.

ఒక డ్రైవరును తీసేసే ముందు సాధారణంగా ఒక ప్రశ్న వేస్తారు. “దీన్ని ఇంకా ఎవరైనా వాడుతున్నారా?” అని. ఎవరైనా చెయ్యెత్తి, “నేను వాడుతున్నాను, పరీక్షించి చెబుతాను” అంటే చాలా సార్లు ఆ డ్రైవరు బతికిపోతుంది. ఎవరూ పలకకపోతే వాడేవాళ్లు లేరనుకుంటారు. ఆ ప్రశ్న ఇంగ్లీషులో వస్తుంది. కెర్నెలు పనివాళ్లు చదివే చోటనే వస్తుంది. మండపేటలోనో, రామచంద్రపురంలోనో అన్నయ్య ఇచ్చిన లాప్‌టాపు ముందు కూర్చున్న అమ్మాయికి ఆ ప్రశ్న వేసినట్టే తెలియదు. ఆమె నిశ్శబ్దాన్ని లేకపోవడంగా లెక్క వేసుకుంటారు.

ఇంకొక సంగతి. ధనిక దేశాల్లో ఒక లాప్‌టాపు అయిదారేళ్లు వాడి అటకెక్కిస్తారు. మన దగ్గర దాని రెండో జన్మ సరిగ్గా అక్కడే మొదలవుతుంది. అన్నయ్య నుంచి చెల్లికి, చెల్లి నుంచి ట్యూషను సెంటరుకు, అక్కడి నుంచి మరొకరికి. అంటే కెర్నెలు రాసేవాళ్ల కంటికి ఒక కార్డు మాయమయ్యే సమయానికి మన దగ్గర అది నిండుగా పనిలో ఉంటుంది. వాళ్లు మనమీద పగబట్టి చేస్తున్నది కాదు. వాళ్లకు కనబడదు, అంతే. కనబడేలా చెయ్యవలసింది మనం.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. లారీ ఫింగర్ అని ఒక అమెరికన్. అరవై ఏళ్లు దాటాక, 2005 ప్రాంతంలో, బ్రాడ్‌కామ్ డ్రైవరు పనిలో చెయ్యి కలిపాడు. ఆ తర్వాత రియల్‌టెక్ కార్డుల డ్రైవర్లు ఎన్నిటినో తన నెత్తిన వేసుకున్నాడు. దాదాపు ఇరవై ఏళ్లపాటు, ఎక్కడెక్కడివాళ్లో “నా కార్డు పనిచెయ్యడం లేదు” అని రాస్తే ఓపికగా జవాబు చెప్పాడు. ఏ అక్షరాలు ఏ క్రమంలో కొట్టి చూడాలో, వచ్చిన జవాబు తనకు ఎలా పంపాలో నేర్పాడు. 2024 జూన్‌లో, ఎనభై దాటిన వయసులో కన్నుమూశాడు. ఆయన చూసుకున్న డ్రైవర్లలో కొన్ని ఇవాళ నడుస్తున్న లాప్‌టాపుల్లో ఉన్నాయి. ఆ లాప్‌టాపుల ముందు కూర్చున్నవాళ్లలో ఎందరికి ఆయన పేరు తెలుసు? మన ఊరి లస్కరు పేరు మనలో ఎందరికి తెలుసో అంతమందికే.

ఒక మనిషి పోతే ఒక దేశపు పంట కాలువలు ఆగిపోకూడదు. ఆగిపోయే పరిస్థితి ఉందంటే ఆ ఏర్పాటులోనే లోపం ఉంది. వేల లక్షల కార్డులు అమ్మి లాభం తీసుకున్న కంపెనీలు, అమ్మకం ఆపేసిన రోజున కనీసం ఆ గళ్ల వివరాల పుస్తకమైనా బయటపెట్టాలి. ఇది దానం కాదు, బాధ్యత. పంపుసెట్టు కొంటే విడిభాగాల పట్టిక ఇస్తారు. వైఫై కార్డు కొంటే ఎందుకివ్వరు? మన దేశంలో ఈ-వ్యర్థాల గురించి 2022లో కొత్త నియమాలు చేశారు. అమ్మినవాళ్లు పాత వస్తువులను రీసైక్లింగు చేయించాలన్నది వాటిలో ముఖ్యమైన మాట. మంచిదే. కాని పనిచేస్తున్న వస్తువును ముక్కలు చెయ్యడం కన్న పనిచెయ్యనివ్వడం ఇంకా మంచిది కదా!

“ఇదంతా ఎందుకు? కొన్ని వందలు పెడితే యూఎస్‌బీలో పెట్టుకునే చిన్న వైఫై ముక్క దొరుకుతుంది” అని మీలో తెలివైనవాళ్లు అడగవచ్చు. నిజమే, దొరుకుతుంది. చాలా సార్లు అది సరైన ఉపాయం కూడా. కాని చౌకగా దొరికే ముక్కల్లో కొన్నిటికి డ్రైవరు కెర్నెలులోనే ఉండదు. కంపెనీవాళ్లు విడిగా ఒక డ్రైవరు ఇస్తారు. ఇందాక చెప్పిన నియమం గుర్తుందా? కెర్నెలు లోపల ఉన్న డ్రైవర్లను మాత్రమే మార్పు చేసినవాడు సరిచేస్తాడు. బయట ఉన్నదాన్ని ఎవరూ సరిచెయ్యరు. రెండు మూడు కొత్త కెర్నెలులు వచ్చేసరికి ఆ ముక్క కూడా ‘పాతదైపోతుంది’. కొన్న ఏడాదికే! కాబట్టి కొనేముందు అడగవలసిన ప్రశ్న ధర ఒక్కటే కాదు, దీని డ్రైవరు కెర్నెలు లోపల ఉందా, బయట ఉందా అని.

భద్రత సంగతి కూడా ఉంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2017లో బెల్జియం దేశపు పరిశోధకులు వైఫైలో అందరూ గట్టిదనుకున్న డబ్ల్యూపీఏ2 అనే తాళంలో ఒక లోపం కనిపెట్టారు. క్రాక్ అని దానికి పేరు. లోకంలో వైఫై ఉన్న ప్రతి పరికరానికీ మరమ్మతు కావలసి వచ్చింది. లస్కరు ఉన్న చోట తలుపు వెంటనే దించారు. లేని చోట తెరిచే ఉండిపోయింది. అందుచేత “పాత డ్రైవరు ఎలాగో పనిచేస్తోంది కదా, కదపకుండా వదిలేద్దాం” అనేవాళ్లతో కూడా నేను ఏకీభవించను. చూసుకునేవాడు లేకుండా నడుస్తున్న డ్రైవరు ఆనందించవలసిన విషయం కాదు.

ఇప్పుడు ఆ చెల్లి దగ్గరకు వద్దాం. ఆమె లాప్‌టాపుకు నిజంగా ఏమైంది? పన్నెండేళ్ల నాటి యంత్రం కాబట్టి అందులోని కార్డు 2023లో తీసేసిన జాబితాలోది కాదు. బహుశా డ్రైవరు ఉండే ఉంటుంది. చాలా బ్రాడ్‌కామ్ కార్డుల్లో డ్రైవరుతో పాటు ఫర్మ్‌వేరు అనే మరొక చిన్న ప్రోగ్రాము కావాలి. అది కార్డు లోపలికి వెళ్లి కూర్చుంటుంది. కంపెనీ అనుమతి లేని కారణంగా కొన్ని రకాల లినక్సులో దాన్ని ముందే పెట్టి ఇవ్వరు, మనమే తెచ్చి పెట్టుకోవాలి. దాన్ని తేవడానికి ఇంటర్నెట్ కావాలి. ఇంటర్నెట్ రావాలంటే వైఫై కావాలి! ఈ ముడి చూసి చాలామంది లినక్సునే వదిలేస్తారు. విప్పడం మాత్రం తేలిక. మొబైలును యూఎస్‌బీ తీగతో కలిపి, అందులోని నెట్ పది నిమిషాలు అరువు తీసుకుంటే సరిపోతుంది. దుకాణంలో ఆమెకు ఈ మాట చెప్పేవాడు లేడు.

ఇలాంటి మాట చెప్పేవాళ్లు మన భాషలో ఉన్నారు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే స్వచ్ఛంద సంస్థ చాలా ఏళ్లుగా లినక్సును తెలుగులోకి తెస్తోంది. పిల్లల కోసం బాలస్వేచ్ఛ అనే కూర్పును కూడా తయారుచేసింది. పొరుగున కేరళలో సర్కారు బడుల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు లినక్సు మీదే నడుస్తున్నాయి. ఒక ప్రభుత్వమే పూనుకుంటే లస్కర్ల కొరత ఎలా తీరుతుందో అక్కడ చూడవచ్చు. ఏ కార్డు ఏ బడిలో ఉందో లెక్క ఉంటే, “దీన్ని ఎవరైనా వాడుతున్నారా?” అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం ఎంత సులువు!

మనకు అలాంటి లెక్క లేదు. తయారుచెయ్యడం మీ చేతుల్లో ఉంది. దీనికి ప్రోగ్రాములు రాయడం రానక్కరలేదు. లినక్సు ఉన్న కంప్యూటరులో ఆజ్ఞలు కొట్టే నల్లని కిటికీ తెరిచి, ఎల్, ఎస్, పి, సి, ఐ అని అయిదు ఇంగ్లీషు అక్షరాలు వరసగా చిన్న బడిలో కొట్టండి. ఖాళీ వదిలి ఒక చిన్న గీత, దాని పక్కనే ఎన్ అనే అక్షరం, మరోటి కె అనే అక్షరం పెట్టండి. లోపల ఉన్న పరికరాల జాబితా వస్తుంది. ఒక్కొక్కదానికి రెండు సంఖ్యలు ఉంటాయి. మొదటిది తయారుచేసిన కంపెనీ గుర్తు, రెండోది కార్డు రకం. ఇంటెల్ కంపెనీ గుర్తు 8086. ఎందుకంటే ఆ కంపెనీ 1978లో చేసిన పేరుమోసిన ప్రాసెసరు పేరు 8086. ఎవరో సరదా పడి ఆ అంకెనే పట్టుకున్నారు! ఆ కింద ఏ డ్రైవరు నడుస్తోందో దాని పేరు కూడా ఉంటుంది. యూఎస్‌బీలో పెట్టే ముక్కలైతే పి, సి, ఐ బదులు యు, ఎస్, బి అని కొట్టి చూడాలి. అప్పుడు గీత, అక్షరాలు అక్కరలేదు.

2023 తర్వాత తీసేసిన డ్రైవర్ల గురించి కూడా ఒక మాట. అవి 6.6 అనే కెర్నెలులో ఇంకా ఉన్నాయి. ఆ వరుసను దీర్ఘకాలం మరమ్మతు చెయ్యడానికని ఎంచుకున్నారు. అంతేకాదు, కెర్నెలులో జరిగిన ప్రతి మార్పునూ భద్రంగా దాచే ఏర్పాటు ఉంది. తీసేసినదాన్ని మళ్లీ తెచ్చి పెట్టడం సాంకేతికంగా కష్టం కాదు. “నా దగ్గర కార్డు ఉంది, నేను పరీక్షిస్తాను” అని చెప్పే మనిషి దొరకాలి, అంతే.

కాలువలు కట్టే రోజులకు కొంచెం ముందుగా మీకు పరీక్షలు అయిపోతాయి. సెలవులు ఇచ్చేలోగా ఒక మధ్యాహ్నం మీ మాస్టారిని అడిగి కంప్యూటరు గది తాళం తీయించుకోండి. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఎడమవైపు యంత్రం పేరు, కొన్న సంవత్సరం. పక్కన కార్డు గుర్తు సంఖ్యలు రెండూ. ఆ పక్కన డ్రైవరు పేరు. చివర వైఫై తగులుకుందా లేదా, అరగంట ఆగకుండా నిలిచిందా, ఎన్ని మీటర్ల దూరంలో జారిపోయింది. కింద తేదీ వెయ్యడం మరిచిపోవద్దు. తేదీ లేని పరిశీలన సైన్సులో పనికిరాదు. కెర్నెలు సంఖ్య కూడా రాయండి, అది మారినప్పుడల్లా మళ్లీ చూడాలి. పుస్తకాన్ని వచ్చే ఏడాది తొమ్మిదో తరగతివాళ్లకు అప్పగించండి.